పాత వీడియో గేమ్ డబ్బాలో కంప్యూటర్: విప్పడం నుంచి రూపాయి బిళ్ల వేసేదాకా

మహబూబ్‌నగర్‌లో ఎప్పుడో మూతపడ్డ వీడియో గేమ్ షాపు ఒకటి. దాని వెనక రేకుల గదిలో, వడ్ల బస్తాల చాటున ఒక గేమ్ డబ్బా ఉందని మా బామ్మర్ది ఫోన్ చేశాడు. వెళ్లి చూశాను. పక్కలకు ఎర్ర సన్‌మైకా, ముందు రెండు హ్యాండిళ్లు, ఒక్కో హ్యాండిల్ పక్కన ఆరు బటన్లు, కింద రూపాయి బిళ్ల వేసే సందు. బటన్ల ముందు భాగం ఎందరివో అరచేతులు ఆనీ ఆనీ తెల్లబడి ఉంది. షాపు నడిపిన పెద్దమనిషి "పాత సామానోడు కిలోల లెక్క అడుగుతున్నడు తమ్మీ, ఇయ్యబుద్ధి అయితలేదు. నువ్వు నడిపిస్తానంటే పట్టుకపో" అన్నాడు.

ఆ డబ్బా ఇప్పుడు నల్గొండలో మా ఇంటి ముందు గదిలో ఉంది. లోపల ఒక పాత ఆఫీసు కంప్యూటర్ నడుస్తోంది. నాకు నాలుగు నెలలు పట్టింది. ఇంకో డబ్బా దొరికితే నాలుగు ఆదివారాల్లో అయిపోతుందని నమ్మకంగా చెప్పగలను. నాలుగు నెలలు ఎందుకు పట్టిందో, ఎక్కడ ఆగిపోయానో అన్నీ వరసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. పాత చెక్కను కోయకూడదు, కొత్త రంధ్రం వేయకూడదు. ఏది బిగించినా పాత మేకుల, పాత బోల్టుల చోటులోనే బిగించాలి. తీసిన ప్రతి వస్తువునూ సంచిలో కట్టి, పేరు రాసి దాచాలి. ఇలాంటి డబ్బాలు మన జిల్లాల్లో మళ్లీ తయారు కావు. రేపు ఎవరైనా దీన్ని పాత రూపానికి తేవాలనుకుంటే దారి ఉండాలి.

కొనే ముందు డబ్బాను చూసే పద్ధతి

టార్చి, టేపు, స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లండి. ముందు అడుగు చూడండి. ఇవి పాడయ్యేది ఎప్పుడూ కింది నుంచే. షాపు కడిగిన నీళ్లు, వానాకాలం చెమ్మ, ఆ తర్వాత చెదలు. అడుగు చెక్కను స్క్రూడ్రైవర్ కొసతో గట్టిగా పొడవండి. గట్టిగా తగిలితే సరే. మెత్తగా దిగిపోయినా, కింది నాలుగైదు అంగుళాల వరకే అయితే వడ్లాయనతో కొత్త ముక్క వేయించుకోవచ్చు. చెదల మట్టి పైదాకా పాకి ఉంటే మాత్రం ఎంత ముద్దొచ్చినా ఇంటికి తేవద్దు. డబ్బా కోసం ఇంటి దర్వాజాలు పోగొట్టుకున్నట్టవుతుంది.

తర్వాత వెనక తలుపు తీయించండి. తాళం చెవి దాదాపుగా ఉండదు, తాళం విప్పి కొత్తది వేసుకోవచ్చు. లోపల నాలుగు వస్తువులు కనిపిస్తాయి: పిక్చర్ ట్యూబ్, కరెంటును తగ్గించే ఎస్‌ఎంపీఎస్, గేమ్ ఉన్న బోర్డు, వీటన్నిటినీ కలిపే వైర్ల కట్ట. ఆ కట్ట చివర 56 కాళ్ల పొడవాటి కనెక్టర్ ఉంటే సంతోషించండి. అది జామా పద్ధతి. జపాన్‌లోని గేమ్ యంత్రాల తయారీదారుల సంఘం 1985లో తెచ్చింది. ఏ కంపెనీ బోర్డయినా ఒకే కనెక్టర్‌లో దూరాలన్నది దాని ఉద్దేశం. మన షాపుల్లో డబ్బా అదే ఉండి, వారం తిరిగేసరికి లోపలి గేమ్ మారిపోయేది ఇందువల్లే. ఆ 56 కాళ్లలో ఒక్కో ఆటగాడికి మూడు నాలుగు బటన్లకే చోటుంది. అందుకే 1991లో ఆరు బటన్ల స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చినప్పుడు తన్నుల బటన్ల కోసం విడిగా ఇంకో వైర్ల కట్ట వేయాల్సి వచ్చింది. మీ డబ్బాలో ఆ రెండో కట్ట కనిపిస్తే అది ఏ కాలంలో ఏ గేమ్ ఆడించిందో చెప్పేయొచ్చు.

బోర్డూ, ట్యూబూ రెండూ పనిచేస్తుంటే కాస్త ఆగి ఆలోచించండి. నడుస్తున్న పాత యంత్రాన్ని విప్పడం నాకు ఇష్టం ఉండదు. అలాంటిదాన్ని తుడిచి అలాగే ఆడుకోండి. మాదాంట్లో బోర్డు తుప్పు పట్టింది, ట్యూబు మసకబారి అంతా పచ్చగా కనిపించేది. అందుకే విప్పాను.

విప్పే ముందు ఫోన్‌తో కనీసం యాభై ఫొటోలు తీయండి. ప్రతి వైరుకూ చిన్న ప్లాస్టర్ ముక్క అంటించి ఎక్కడిదో రాయండి. తెచ్చేటప్పుడు డబ్బాను నిలబెట్టే తేవాలి. మేము ట్రాలీ ఆటోలో పాత బొంతలు చుట్టి, తాళ్లతో నాలుగు వైపులా కట్టి, జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి మీదుగా తెచ్చాం. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను దిగి వెనక పట్టుకున్నాను.

పిక్చర్ ట్యూబ్: ఇక్కడ తొందర వద్దు

ఈ ఒక్క భాగాన్ని రెండుసార్లు చదవండి. రంగుల పిక్చర్ ట్యూబ్‌లో 20,000 వోల్టుల స్థాయిలో కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకినా ట్యూబు ఆ చార్జిని పట్టుకుని ఉంచుకోగలదు. దాని పక్కన పాత టీవీల్లాగే ఉండే సర్క్యూట్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్లలోనూ కరెంటు నిలిచి ఉంటుంది.

మీకు టీవీలు విప్పిన అనుభవం లేకపోతే పాత టీవీ మెకానిక్‌ను పిలవండి. మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఇప్పుడు పని తగ్గినా ట్యూబు గురించి వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మా ఇంటికి వచ్చినాయన చేసింది ఇది. ముందు రోజే ప్లగ్గు తీయించాడు. ట్యూబు పైన రబ్బరు గిన్నె బోర్లించినట్టు ఒక మూత ఉంటుంది, దాని కిందే ఆ వోల్టేజీ. ప్లాస్టిక్ పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్‌కు క్లిప్పుల వైరు ఒకవైపు తగిలించాడు. రెండో వైపు ట్యూబు వెనక అల్లినట్టుండే ఎర్త్ తీగకు పెట్టాడు. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడి చేత్తో స్క్రూడ్రైవర్ కొసను రబ్బరు కిందికి జరిపాడు. 'టప్' మని శబ్దం వచ్చింది. పది నిమిషాలు ఆగి మళ్లీ అదే చేశాడు, ఈసారి చిన్నగా 'చిట్' మంది. ఒకసారి ఖాళీ చేసినా ట్యూబు గాజులోంచి కొంత చార్జి మళ్లీ పోగవుతుందట, అందుకే రెండోసారి. ఒక చెయ్యి వెనక పెట్టుకోవడం ఎందుకని అడిగితే, "కరెంటు ఈ చేతుల నుంచి ఆ చేతులకు పోతే నడుమ గుండె ఉంటది కదా సార్" అన్నాడు.

ట్యూబు వెనక సన్నటి మెడ ఉంటుంది. పట్టుకునేటప్పుడు దాని మీద చెయ్యి పడకూడదు. అది విరిగితే లోపలి శూన్యంలోకి గాలి ఒక్కసారిగా దూసుకుపోతుంది. ఇద్దరు మనుషులు, చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, తెర వైపు పొట్టకు ఆనించుకుని పట్టుకోవాలి. తీసిన ట్యూబును పగలగొట్టవద్దు, గాజులో సీసం ఉంటుంది. పాత ట్యూబులు కావాలనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లేదా ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే వాళ్లకు ఇవ్వండి.

ట్యూబు బాగుంటే దాన్నే వాడొచ్చా? వాడొచ్చు, ఆ వెలుగు ఎల్‌సీడీకి రాదు. కానీ ఆ పాత మానిటర్ 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్ తీసుకుంటుంది, మామూలు కంప్యూటర్ 31 కిలోహెర్ట్జ్ పంపుతుంది. దానికి ప్రత్యేకమైన కార్డు లేదా డ్రైవర్, జామా కనెక్టర్‌కు తగిలే అడాప్టర్ కావాలి. చాలా పాత మానిటర్లకు ఇంటి కరెంటు నేరుగా తగలకుండా విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా తప్పనిసరి, అది లేకుండా నేరుగా ప్లగ్గులో పెడితే మానిటర్ ఇనుప చట్రానికే కరెంటు వస్తుంది. మొదటి డబ్బాకు ఆ దారి పట్టవద్దని నా సలహా.

శుభ్రం చేయడం

లోపల ఎలుక గూడు, కందిరీగ మట్టి, బీడీ ముక్కలు, మూడు రూపాయి బిళ్లలు దొరికాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని పొడి బ్రష్‌తో ఊడ్చి, తర్వాతే తడిగుడ్డ పెట్టండి. ముందే తడిపితే దుమ్ము బురదై చెక్కలోకి దిగుతుంది. సన్‌మైకా లేచిన చోట్ల ఫెవికాల్ రాసి, పైన బరువు పెట్టి ఒక రోజు వదిలేయండి. చెదల మందు లోపలి వైపు, అడుగున బ్రష్‌తో రెండుసార్లు. అడుగుకు ముప్పావు అంగుళం రబ్బరు కాళ్లు బిగిస్తే ఇక ఇల్లు కడిగినా నీళ్లు తగలవు.

తెర

పాత ఆఫీసుల నుంచి వచ్చిన 19 అంగుళాల చదరపు ఎల్‌సీడీ మానిటర్లు సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి. అవే మనకు సరిపోతాయి. వెడల్పాటి కొత్త మానిటర్ డబ్బాలో దూరదు. దూరినా పాత గేముకు రెండు వైపులా నల్లగా మిగిలిపోతుంది. 19 అంగుళాల మానిటర్ 1280 x 1024, పాత గేములు చాలావరకు 4:3 ఆకారం. పూర్తి వెడల్పుకు సాగదీస్తే పైన 32, కింద 32 గీతలే నల్లగా మిగులుతాయి, కంటికి తెలియదు.

కొనే దగ్గర రెండు పరీక్షలు చేయండి. మొదటిది, మానిటర్ నడుస్తుండగా ప్లగ్గు పీకి మళ్లీ పెట్టండి. దానంతటదే వెలిగితే కొనండి. బటన్ నొక్కితేనే వెలిగేది తెస్తే, రోజూ డబ్బా వెనక తలుపు తీసి చెయ్యి పెట్టాల్సి వస్తుంది. రెండోది, పై నుంచీ కింది నుంచీ వంగి చూడండి. డబ్బాలో తెర వెనక్కి వాలి ఉంటుంది, నిలబడ్డ పెద్దవాళ్లూ పిల్లలూ వేర్వేరు ఎత్తుల నుంచి చూస్తారు. రంగులు తిరగబడే మానిటర్ వద్దు.

మానిటర్ వెనక నాలుగు స్క్రూ రంధ్రాలు ఉంటాయి, వాటి మధ్య దూరం సాధారణంగా 100 మిల్లీమీటర్లు, కొన్నిటికి 75. డబ్బా లోపల పాత ట్యూబును మోసిన రెండు చెక్కలు లేదా ఇనుప పట్టీలు ఉంటాయి కదా, వాటికి అడ్డంగా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక బిగించి, ఆ పలకకు మానిటర్ తగిలించండి. కొత్త రంధ్రం ఒక్కటీ అక్కర్లేదు. అంచుల చుట్టూ మిగిలిన ఖాళీకి నల్ల మౌంట్ బోర్డు కత్తిరించి పెట్టండి. ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపులో దొరుకుతుంది. దాని ముందు పాత అద్దమే కడిగి వేస్తే తెర ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలియదు.

1978 నాటి స్పేస్ ఇన్‌వేడర్స్, 1980 నాటి ప్యాక్‌మన్ లాంటివి నిలువు తెర గేములు. అవి అడ్డం తెరలో చిన్నగా కనిపిస్తాయి. మాది ఫైటింగ్ గేముల డబ్బా కాబట్టి అడ్డంగానే ఉంచాను.

హ్యాండిళ్లు, బటన్లు

డబ్బు, ఓపిక ఎక్కువగా పెట్టాల్సింది ఇక్కడే. కంప్యూటర్ కాస్త పాతదైనా ఆడేవాళ్లకు తెలియదు. బటన్ మొద్దుగా ఉంటే మొదటి నిమిషంలోనే చేతికి తెలుస్తుంది.

ప్యానెల్‌ను తలకిందులుగా టేబుల్ మీద పెట్టి ఒక బటన్‌ను వెనక నుంచి చూడండి. దాని తోకకు నల్లటి చిన్న స్విచ్చి తగిలి ఉంటుంది, మైక్రోస్విచ్ అంటారు. దానికి మూడు కాళ్లు. పక్కనే సన్నటి అక్షరాల్లో సీఓఎం, ఎన్ఓ, ఎన్‌సీ అని ఉంటుంది. సీఓఎం ఉమ్మడి కాలు. ఎన్ఓ నొక్కినప్పుడే కలిసేది. ఎన్‌సీ ఎప్పుడూ కలిసి ఉండి, నొక్కితే విడిపోయేది. మనకు మొదటి రెండే కావాలి. మల్టీమీటర్‌ను బీప్ దగ్గర పెట్టి ఆ రెండు కాళ్లకూ తాకించి బటన్ నొక్కండి. 'టిక్' తో పాటే 'బీప్' వస్తే స్విచ్చి బాగున్నట్టు. నొక్కిన ప్రతిసారీ రాకపోయినా, గరగరమని తెగి తెగి వచ్చినా మైక్రోస్విచ్ ఒక్కటే మార్చండి, బటన్ పై భాగం పాతదే ఉంచండి. మాదాంట్లో పన్నెండు బటన్లలో ఏడింటికి స్విచ్చి మార్చాను. వేళ్లకు అరిగి నున్నబడ్డ పాత ప్లాస్టిక్ అలాగే ఉంది.

బటన్లు కూడా పగిలిపోయి ఉంటే కొత్తవి తెప్పించుకోండి. అయితే రంధ్రం కొలవకుండా కొనవద్దు. కొన్ని బటన్లు 28 మిల్లీమీటర్ల పైచిలుకు రంధ్రానివి, కొన్ని 30 వి, స్టార్ట్ బటన్లు 24 వి కూడా ఉంటాయి. మందపాటి చెక్క ప్యానెల్ అయితే నట్టు బిగించే పొడుగు మరల బటన్లే కావాలి. 'టక్' మని లోపలికి నొక్కి పెట్టేవి సన్నటి రేకుకే నిలుస్తాయి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తున్నా, ఆన్‌లైన్‌లో చూస్తున్నా పాత బటన్ ఒకటి చేతిలో పెట్టుకుని పోల్చండి.

ఇప్పుడు వైరింగ్. జామా కట్టను తెంచకుండా మొత్తంగా తీసి సంచిలో పెట్టాం కదా. దాని బదులు ఒక్కో ఆటగాడికి ఒక యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డు. అరచేతిలో పట్టే ఈ చిన్న బోర్డు ఏ బటన్ నొక్కారో కంప్యూటర్‌కు చెబుతుంది. కొన్ని ఎన్‌కోడర్లకు ప్రతి బటన్‌కూ రెండు వైర్ల జత వస్తుంది, ఒకటి సీఓఎంకు, రెండోది ఎన్ఓకు, అంతే. ఇంకొన్నిటికి గ్రౌండ్ ఒక్కటే ఉంటుంది. అప్పుడు ఒకే పొడవాటి వైరును మల్లెపూల దండ గుచ్చినట్టు బటన్ నుంచి బటన్‌కు అన్ని సీఓఎం కాళ్లకూ తాకిస్తూ పోవాలి. ఆ దండలో ఒక్క చోట తెగితే దాని తర్వాతి బటన్లన్నీ ఆగిపోతాయి, కాబట్టి చివరి కొసను కూడా గ్రౌండ్‌కే తెచ్చి కలిపి చుట్టు పూర్తి చేయండి. సోల్డరింగ్ కంటే, వైరు కొసకు బిగించి స్విచ్చి కాలుకు తొడిగే లగ్గులు మేలు, రేపు స్విచ్చి మార్చాలంటే లాగితే వస్తుంది. లగ్గులు 4.8, 6.3 మిల్లీమీటర్ల వెడల్పుల్లో ఉంటాయి, మీ స్విచ్చి కాలును కొలిచి తీసుకోండి.

నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది హ్యాండిల్ దగ్గర. పైకి తోస్తే బొమ్మ కిందికి దూకుతోంది, ఎడమకు తోస్తే కుడికి. విప్పి చూస్తే కారణం కంటికి ఎదురుగానే ఉంది. హ్యాండిల్ కడ్డీ నడుమ ఒక ఇరుసు మీద ఊగుతుంది. పైన గుండును ముందుకు తోస్తే, ప్యానెల్ కింద కడ్డీ తోక వెనక్కి పోతుంది. పైకి తోసినప్పుడు నొక్కుకునేది మన వైపు ఉన్న స్విచ్చి. నేను ముందువైపు స్విచ్చికి 'పైకి' వైరు పెట్టాను. అందుకే వైర్లు తగిలించే ముందు హ్యాండిల్‌ను ఒక్కో వైపు తోసి, ఏ స్విచ్చి 'టిక్' మంటోందో వేలితో తాకి చూసి, దాని పక్కన మార్కర్‌తో బాణం గీయండి.

ఇంకో సంగతి. ఫైటింగ్ గేములకు హ్యాండిల్ ఎనిమిది దిక్కులకూ కదలాలి. ప్యాక్‌మన్ లాంటి వాటికి నాలుగు దిక్కులే కావాలి, మూలకు పోతే మలుపు తప్పుతుంది. చాలా హ్యాండిళ్లకు అడుగున ఒక ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని తిప్పి బిగిస్తే ఎనిమిది నాలుగవుతాయి.

కంప్యూటర్

రాస్ప్‌బెర్రీ పై అనే ఒకే బోర్డు కంప్యూటర్‌తో మొదలుపెట్టాను. అరచేతిలో పట్టేంత చిన్నది, శబ్దం ఉండదు, కరెంటు తక్కువ తాగుతుంది. మొదటి ఎండాకాలంలోనే ఆట నడుమ కరెంటు పోయి మెమరీ కార్డు చెడిపోయింది. పెట్టుకున్న సెట్టింగులన్నీ పోయాయి. మళ్లీ చేశాను, మళ్లీ పోయాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో కరెంటు ఎలా పోయి వస్తుందో తెలుసు కదా. పై వాడదల్చుకుంటే చిన్న యూపీఎస్ తప్పనిసరి. పై 4 కు 5 వోల్టుల 3 ఆంపియర్లు, పై 5 కు 5 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్ కూడా ఉండాలి. ఫోన్ చార్జర్‌తో నడిపిస్తే తెర మీద వోల్టేజీ తగ్గిందన్న గుర్తు వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మా డబ్బాలో ఉన్నది నాలుగో తరం ఐ5 ఆఫీసు కంప్యూటర్, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ. పాత గేములే కాదు, మా వాడు ఆడే చిన్న చిన్న కంప్యూటర్ గేములూ నడుస్తున్నాయి. 600 వీఏ యూపీఎస్ అడుగున కూర్చుంది. కరెంటు పోతే ఆట ఆపి, మామూలుగా షట్‌డౌన్ చేసేంత సమయం ఇస్తుంది.

కంప్యూటర్ ఆన్ చేయడానికి తలుపు తీయక్కర్లేకుండా ఒక తేలిక పని ఉంది. కంప్యూటర్ ముందున్న పవర్ బటన్ నుంచి మదర్‌బోర్డుకు రెండే వైర్లు వెళ్తాయి. నొక్కినప్పుడు ఆ రెండూ క్షణం పాటు కలుస్తాయి, అంతకు మించి ఏమీ లేదు. ఇందాక చూసిన మైక్రోస్విచ్ చేసేదీ అదే. కాబట్టి ఆ రెండు పిన్నుల నుంచి పొడుగు వైర్లు లాగి, వాడకంలో లేని ఒక పాత బటన్ సీఓఎం, ఎన్ఓ కాళ్లకు కలపండి. మాదాంట్లో ప్యానెల్ పక్కన సర్వీస్ బటన్ ఒకటి ఖాళీగా ఉంది, అదే ఇప్పుడు పవర్ బటన్.

వేడి సంగతి మరవకండి. మే నెలలో మూసిన డబ్బా లోపల గది కంటే ఇంకా వేడిగా ఉంటుంది. వెనక తలుపుకు పైభాగంలో పాత గాలి సందు ఉంటుంది, అక్కడ 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ గాలి బయటికి తోసేలా పెట్టండి. కింది సందుకు దోమల జాలీ కొట్టండి, దుమ్మూ ఎలుకలూ ఆగుతాయి.

కరెంటు, ఎర్తింగ్

డబ్బా పూర్తయిన రోజు సాయంత్రం మా పాప చెప్పులు లేకుండా వచ్చి ప్యానెల్ రేకు మీద చెయ్యి పెట్టి, "నానా, చీమలు కుడుతున్నయి" అంది. ఆ మాటకు నా గుండె ఆగినంత పనైంది. వెంటనే మెయిన్ ఆపేశాను. డబ్బాలో తప్పేమీ లేదు. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టాను, లోపల అన్నిటికీ ఎర్త్ కలిపాను. కానీ గోడ సాకెట్‌లోని మూడో రంధ్రం వెనక ఎర్త్ వైరే లేదు. ఇల్లు కట్టిన రోజు నుంచీ అంతే, ఎవరికీ తెలియలేదు.

అందుకే డబ్బా ఇంట్లోకి రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌ను కొలిపించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. మన నేల రాతి నేల, ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది. అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోయాలి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోండి. పిల్లలు తాకే రేకు వస్తువు ఇది.

డబ్బా లోపల మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి పాత ఎస్‌ఎంపీఎస్ ఉన్న చోట బిగించి, అన్నీ దాంట్లోనే పెట్టండి. బయటి నుంచి ఒకే వైరు లోపలికి రావాలి. ప్యానెల్ రేకుకూ, బిళ్లలు పడే ఇనుప తలుపుకూ ఆకుపచ్చ ఎర్త్ వైరు విడిగా బోల్టుతో కలపాలి.

శబ్దం

పాత స్పీకర్ కాగితం చిరగకపోతే అదే వాడండి. మల్టీమీటర్‌లో ఆరేడు ఓమ్‌లు చూపిస్తే అది 8 ఓమ్‌ల స్పీకర్. చిన్న యాంప్లిఫయర్ బోర్డు ఒకటి చాలు. ఒకే స్పీకర్ ఉంటే, యాంప్లిఫయర్ కుడి ఎడమ వైర్లను కలిపి దానికి ఇవ్వవద్దు, బోర్డు కాలిపోతుంది. కంప్యూటర్ సెట్టింగుల్లో మోనో పెట్టి ఒక వైపే కలపండి.

సాఫ్ట్‌వేర్, గేములు

నేను పాత గేములు ఆడించే బటోసెరా అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నాను. ఉచితం. పెన్‌డ్రైవ్‌లోకి రాసి దాని నుంచే కంప్యూటర్ లేపొచ్చు, లోపలి విండోస్ జోలికి పోదు. పిల్లల కంప్యూటర్ గేములకు విండోస్, పాత వాటికి పెన్‌డ్రైవ్. మొదటిసారి కీబోర్డు తగిలించి, ప్రతి బటన్‌నూ అది అడిగిన వరసలో నొక్కి గుర్తు చేయించండి. రెండు ఎన్‌కోడర్లూ ఒకే రకానివైతే ఏది ఏ యూఎస్‌బీ సందులో ఉందో గుర్తు పెట్టి కదపకండి. మార్చితే మొదటి ఆటగాడు రెండోవాడైపోతాడు.

పాత గేములు నడిచేది మేమ్ అనే సాఫ్ట్‌వేర్ వల్ల. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టిన పని అది, 2016 నుంచి పూర్తిగా ఓపెన్ సోర్స్. పాత బోర్డు మీద ఉన్న చిప్పులన్నీ ఎలా పనిచేసేవో కంప్యూటర్‌లో అచ్చంగా అలాగే చేసి చూపిస్తుంది. మేమ్‌ను నేరుగా నడిపితే కీబోర్డులో 5 నొక్కితే బిళ్ల వేసినట్టు, 1 నొక్కితే స్టార్ట్, ట్యాబ్ నొక్కితే సెట్టింగులు. గేమ్ ఫైలు మేమ్ వెర్షన్‌కు సరిపోకపోతే తెరుచుకోదు, ఫైలు చెడిపోయిందనుకుని టెన్షన్ పడకండి.

మేమ్ ఉచితం, గేములు కాదు. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, మనమంతా ముస్తఫా గేమ్ అని పిలుచుకున్నది, దాని హక్కులు ఇంకా హక్కుదారులవే. నెట్‌లో వేల గేములు ఒకే మూటగా దొరుకుతాయి. నేను దించుకోలేదు, మీకూ చెప్పను. మేమ్ సైటులోనే హక్కుదారుల అనుమతితో ఇచ్చినవి కొన్ని ఉన్నాయి, గ్రిడ్లీ, రాబీ రోటో లాంటివి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం లాంటి సంకలనాలు కొనుక్కోవచ్చు. వీటితోనే మా ఇంట్లో నెలల తరబడి గడిచింది. స్టీమ్ గేములు కొన్ని ఎన్‌కోడర్‌ను గుర్తుపట్టవు. స్టీమ్ కంట్రోలర్ సెట్టింగుల్లో బటన్లు ఒకసారి కేటాయిస్తే సరిపోతుంది. చెర్వుగట్టు జాతరలో పెట్టి ఆడిద్దామని ఒకరిద్దరు అడిగారు. ఇంట్లో ఆడుకోవడానికి ఇచ్చిన గేములతో డబ్బు తీసుకోకూడదు కాబట్టి వద్దన్నాను.

రూపాయి బిళ్ల

ఇది చివరికి ఉంచాను, ఎందుకంటే ఇది లేకపోయినా ఆట నడుస్తుంది. ఏదో ఒక బటన్‌ను బిళ్లగా పెట్టేసుకోవచ్చు. కానీ సందులో బిళ్ల వేసి, అది లోపల దొర్లి, 'టంగ్' మని డబ్బాలో పడి, తెర మీద క్రెడిట్ ఒకటి పెరగడం నాకు కావాలి.

ఇనుప తలుపు వెనక బిళ్ల జారే దారి చివర సన్నటి తీగ లివర్ ఉన్న మైక్రోస్విచ్ ఉంటుంది. బిళ్ల పడుతూ ఆ తీగను క్షణం పాటు వంచుతుంది. దాని సీఓఎం, ఎన్ఓ కాళ్లను ఎన్‌కోడర్‌లో సెలెక్ట్ బటన్ చోట కలపండి. తీగ వంగిపోయి ఉంటే వేలితో మెల్లగా సరిచేసి, బిళ్ల వేసి చూస్తూ ఉండండి. మాది పదిసార్లు వంచాక కుదిరింది.

అంతా కలిపి జేబులోంచి రూపాయి తీసి వేస్తే, అది కింది గిన్నెలోకి తిరిగి వచ్చేసింది. ఎన్నిసార్లు వేసినా అంతే. వైర్లన్నీ మళ్లీ చూశాను. తప్పు బిళ్లది. ఈ యంత్రం 1992 నుంచి వచ్చిన పాత రూపాయికి చేసింది, దాని అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. 2011 నుంచి వచ్చిన రూపాయి 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. చిన్నదీ తేలికైనదీ కాబట్టి దొంగ బిళ్ల అనుకుని బయటికి తోసేస్తోంది.

మా అమ్మ పోపుల పెట్టెలో పాత రూపాయలు పద్దెనిమిది దొరికాయి. డబ్బా లోపల దొరికిన మూడింటితో కలిపి ఇరవై ఒకటి. ఇప్పుడు అవి డబ్బా పక్కన చిన్న స్టీలు గిన్నెలో ఉంటాయి. బిళ్లలు పడే కింది అరకు తాళం వేయలేదు. అయిపోయినప్పుడు పిల్లలే అర లాగి, గిన్నెలోకి ఒంపుకుని, మళ్లీ మొదటి నుంచి వేస్తారు.